ఎడమ స్పీకరులో ఓటు

శుక్రవారం ఉదయం ఆరున్నరకి నాయనమ్మ దినపత్రికను ఎప్పటిలాగే ఆఖరి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఆఖరి పేజీలో వెళ్ళిపోయినవాళ్ళ ఫొటోలు ఉంటాయి. అందులో తెలిసిన మొహం లేదని రూఢి చేసుకున్నాక గాని ఆవిడ కాఫీ ముట్టదు. మొదటి పేజీ దాకా వచ్చేసరికి కాఫీతో పాటు ఓపిక కూడా అయిపోతుంది కాబట్టి, దేశాన్ని ఎవరు ఏలుతున్నారన్న విషయం ఆవిడకి ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది.

ఆ పూట మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, వంటింటి బల్ల మీద ఒక దరఖాస్తు పరుచుకుంది. ఓటర్ల జాబితాలో కొత్తగా పేరు చేర్చుకునే దరఖాస్తు అది. మనవరాలికి పద్దెనిమిదేళ్ళు నిండి మూడు నెలలైంది. సోమవారం పొద్దున్నే వేరే ఊరి కాలేజీకి వెళ్ళిపోతుంది. ఈ ఏడాది నమోదుకి గడువు ఇవాళ సాయంత్రం ఐదు గంటలు. ఇవాళ రాయిస్తే పేరు ఈ ఊళ్ళో ఉంటుంది. వచ్చే ఏడు రాయిస్తే ఆ ఊళ్ళో ఉంటుంది. పేరు ఇక్కడ ఉన్న మనిషి ఓటు వెయ్యడానికైనా ఇక్కడికి రాక తప్పదు. ఈ లెక్క ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు కూడబలుక్కుంటూ తనంతట తానే చదువు నేర్చుకున్న మనిషి కనుక ఏ కాగితాన్నీ తేలిగ్గా తీసుకోదు. ప్రతి గడినీ గుండ్రని అక్షరాలతో నింపి, సంతకం చోటు మాత్రం వదిలిపెట్టింది.

"ఇదిగో, ఇక్కడ సంతకం గీకి వెళ్ళు."

"సాయంత్రం పెడతాలే నాయనమ్మా! ఇవాళ నా చేతి మీదుగా ఐదొందల మంది పేర్లు ఎక్కబోతుంటే, నాదొక్కటీ ఎక్కడికి పోతుంది?" అంటూ మనవరాలు చెప్పుల్లో కాళ్ళు దూర్చి గేటు దాటేసింది.

ఎక్కడికి పోతాం అన్నవాళ్ళందరూ ఎక్కడికో ఒక చోటికి పోవడం నాయనమ్మ డెబ్భై రెండేళ్ళుగా చూస్తూనే ఉంది. ఆవిడ దరఖాస్తును మడత పడకుండా అట్ట మధ్య పెట్టి, కొడుకు క్యారియరుతో పాటు సంచిలో వేసుకుని బయలుదేరింది.

మనవరాలిని ఇంట్లో సైరన్ అంటారు. పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి తండ్రి ఇచ్చిన బిరుదు అది. నెల రోజులుగా ఆ పిల్ల నమోదు కార్యాలయంలో స్వచ్ఛందంగా పని చేస్తోంది. ఊరి జాబితాలో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే ఉన్నారని చూసి, తిన్నగా అధికారి గదిలోకి వెళ్ళింది.

"సార్, మా వయసువాళ్ళు ఆఫీసుకి రారు. పాట ఎక్కడుంటే అక్కడికి వస్తారు. మనమే వెళ్ళి పాట పక్కన బల్ల వేసుకుందాం."

పిల్లలందరూ ఫోన్లలో మోగించుకునే ఒక యువ గాయకుడికి ఆమె పదకొండు ఉత్తరాలు రాసింది. పదకొండో దానికి ఒప్పుకున్నాడు. వచ్చి నాలుగు పాటలు పాడి, పాటకీ పాటకీ మధ్య "పేరు రాయించుకోండి" అని చెప్తాడు. ఊరంతా అతని బొమ్మతో పోస్టర్లు పడ్డాయి. నమోదు అధికారి మంచివాడే గాని, గోడ గడియారం కింద కూడా సంతకం చేసి తేదీ వేసే రకం. "ఐదొందలు రాకపోతే పై వాళ్ళకి నేనేం చెప్పాలమ్మా?" అని అడిగాడు. "నా పేరు చెప్పండి సార్" అంది సైరన్. ఆయన అదే మాట కాగితం మీద పెట్టి, బాధ్యురాలు అన్న చోట ఆ పిల్ల పేరు రాసి పైకి పంపేశాడు. మైదానానికి మాత్రం రెండు వందల ఖాళీ దరఖాస్తులే తెచ్చాడు. ఎక్కువ తెస్తే తిరిగి లెక్క అప్పజెప్పడం కష్టమట.

మైకు సెట్టు పిల్ల తండ్రిదే. పాతికేళ్ళుగా ఆయన వృత్తి అది. ఆయనకొక పట్టింపు ఉంది. మైకు పరీక్షించడానికి అందరిలా "హలో, వన్, టూ, త్రీ" అనడు. "అంకెలు చదివితే పాడైపోయిన మైకు కూడా బాగున్నట్టే నటిస్తుంది. కాగితం చదివితేనే దాని రంగు బయటపడుతుంది" అంటాడు. అందుకని చేతికి ఏ కాగితం దొరికితే అది చదువుతాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తండ్రి మందుల చీటీ చదివాడు. ఒక సంతాప సభలో కరెంటు బిల్లు చదివాడు. చిన్నప్పుడు అమ్మ పొట్లం కాగితాలు పైకి చదువుతుంటే ఒళ్ళో కూర్చుని విన్నాడు కాబట్టి, కాగితం కనబడితే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది.

పది గంటలకి నాయనమ్మ మైదానం చేరేసరికి గేటు అవతల వంద మంది పిల్లలు బారులు తీరి ఉన్నారు. కొడుకు వేదిక మీద మైకు ముందు నిలబడి ఎడమ స్పీకరును అనుమానంగా చూస్తున్నాడు.

"ఒరేయ్, ఇది పిల్ల దరఖాస్తురా. దాన్ని పిలిచి సంతకం పెట్టించు. మరిచిపోయేవు!" అని కాగితం చేతిలో పెట్టింది.

కాగితం చేతిలో పడింది. ఎదురుగా మైకు ఉంది. ఇక ఆయన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. పిల్ల పూర్తి పేరు చదివాడు. "తండ్రి పేరు" అని ఆగి, గొంతు సవరించుకుని, తన పేరు ఇంకొంచెం గట్టిగా చదివాడు. ఇంటి నంబరు, వీధి చదివాడు. ఎడమ స్పీకరు గరగరమంది కనుక మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదివి, అమ్మ చెప్పిన పని గుర్తొచ్చి, "వెంటనే వేదిక వెనక్కి రావాలి!" అని ముగించాడు.

సరిగ్గా ఆ క్షణాన గాయకుడి బొమ్మ వేసిన పెద్ద వ్యాను ఒకటి వచ్చి వేదిక వెనక ఆగింది. గేటు దగ్గర వంద తలలు ఒకేసారి అటు తిరిగాయి. మైకులో పేరు పిలవడం విన్నారు. ఆ పేరుగల అమ్మాయి వేదిక వెనక్కి పరుగెత్తడం చూశారు. రెండు నిమిషాల తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుంటూ బయటికి రావడమూ చూశారు.

"చూశావా? పేరు పిలిస్తే లోపలికి పంపి కలవనిస్తున్నారు" అన్నాడు గళ్ళ చొక్కా కుర్రాడు.

"అందుకేనేమో ఆ అమ్మాయి ఆనందంతో ఏడ్చేస్తోంది" అంది పక్కనున్న కళ్ళజోడు పిల్ల.

నిజానికి వ్యానులోంచి దిగింది గాయకుడు కాదు, అతని మేనేజరు. "మేడమ్, ఆయన గొంతు పోయింది. మూడు రోజులు మాట్లాడకూడదన్నాడు డాక్టరు. నాలుగింటికి వస్తారు, కానీ పాడరు. ఒప్పందంలో హాజరవుతారు అనే ఉంది, పాడతారు అని లేదు" అని చల్లగా చెప్పాడు. సైరన్ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. సంతకం సంగతి ఎవరికి గుర్తుంటుంది?

తండ్రి మాత్రం అప్పటికి ఎడమ స్పీకరు జబ్బు కనిపెట్టాడు. వైరు గూట్లో వదులుగా ఉంది. చేతిలో ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సందులో దోపాడు. గరగర టక్కున ఆగిపోయింది.

"ఏరా, పనయిందా?" కింద నుంచి నాయనమ్మ అడిగింది.

"అయిందమ్మా! బ్రహ్మాండంగా పట్టేసింది!" అన్నాడు కొడుకు.

నాయనమ్మ నిండుగా ఊపిరి పీల్చుకుని, వేదిక వెనక ఒక పెట్టె మీద క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇంతలో గళ్ళ చొక్కా కుర్రాడు వేదిక దగ్గరికొచ్చాడు. "అంకుల్, మా పేర్లు ఎప్పుడు పిలుస్తారు?"

"కాగితం ఉంటే చదువుతా. లేకపోతే ఏం చదవను?" అన్నాడాయన. అది ఆయన వృత్తిధర్మం.

"ఏ కాగితం?"

ఆయన మైదానం మొత్తం మీద కాగితాలున్న ఒకే ఒక బల్ల వైపు వేలు చూపించాడు. ఆ బల్ల దగ్గర అధికారి ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. పావుగంటలో ఆయనకి ఈగలు తోలుకునే తీరిక పోయింది. నింపిన కాగితాలు ఒక్కొక్కటే వేదిక మీదికి వచ్చాయి. పని దొరికిన మైకాయన పేరు, వీధి చదివి, చివర్లో కొత్తగా అలవాటైన "వేదిక వెనక్కి రావాలి!" కూడా కలిపి, కాగితం వాళ్ళకే ఇచ్చి పంపాడు.

వేదిక వెనక తలుపులు మూసిన వ్యానూ, నాయనమ్మా తప్ప ఎవరూ లేరు. పిల్లలు ఒక్కొక్కరే కాగితం పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడేసరికి ఆవిడ కంగారుపడింది. చేతిలో కాగితమైతే ఉంది కదా, చదివింది. చదివితే తప్పులు కనబడకుండా ఎలా ఉంటాయి?

"ఇదేంటి నాన్నా, పుట్టిన తేదీ రాయమంటే ఇవాళ్టి తేదీ రాశావు? నువ్వు ఇవాళే పుట్టావా?"

"సారీ అండీ."

"ఇంటి నంబరేది? ఇల్లు లేదా నీకు? మీ అమ్మ వింటే ఏమనుకుంటుంది! కూర్చుని రాయి. పెన్ను నాది, తిరిగివ్వాలి."

దిద్దినవి తీసుకెళ్ళి బల్ల మీద ఇవ్వమని పంపించేది. బయటికొచ్చిన పిల్లలు మిగతావాళ్ళకి చెప్పారు: లోపల ముందు ఒక పెద్దావిడ పరీక్ష పెడుతోంది, కాగితంలో తప్పుంటే వదలడం లేదు. ఆవిడెవరో గాయకుడి తల్లి అయివుంటుందని కళ్ళజోడు పిల్ల తేల్చింది. "సెలబ్రిటీల ఇళ్ళల్లో అంతే, అన్నీ వాళ్ళ అమ్మలే చూసుకుంటారు" అంది. దాంతో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వార్త కాలేజీలు దాటి ఊరంతా పాకింది. అధికారి తెచ్చిన రెండు వందలూ పదకొండున్నరకే అయిపోయాయి. అటెండరు సైకిలు మీద కార్యాలయానికి వెళ్ళి మూడు వందలు తెచ్చాడు. మళ్ళీ వెళ్ళి బీరువాలో ఉన్నవన్నీ తెచ్చాడు.

కళ్ళజోడు పిల్ల తన వంతు రాగానే నాయనమ్మ ముందు వంగి, "మీ అబ్బాయి గొంతంటే మాకు ప్రాణమండీ!" అంది.

వేదిక మీద కొడుకు గొంతు ఖంగుమని మోగుతోంది. నాయనమ్మకి ఛాతీ పొంగింది. "చిన్నప్పటి నుంచీ అంతేనమ్మా! పిలిస్తే మూడు వీధుల అవతలికి వినిపించేది. ఇన్నాళ్ళకి గుర్తించారు" అని కళ్ళొత్తుకుంది. ఆ పిల్లా కళ్ళొత్తుకుంది.

మూడు దాటాక అధికారి బల్ల దగ్గర కట్టలు తిరగేసి ఆశ్చర్యపోయాడు. ఎప్పుడూ పదింటిలో నాలుగు దరఖాస్తులు తప్పులతో వెనక్కి పోతాయి. ఇవాళ వెనక్కి పంపడానికి ఒక్కటీ దొరకడం లేదు. ఆయన ఉద్యోగ జీవితంలో మొదటిసారి తేదీ వెయ్యడం మరిచిపోయాడు.

నాలుగింటికి గాయకుడు వచ్చాడు. మెడకి దట్టంగా మఫ్లరు చుట్టుకుని, సైగలు చేసుకుంటూ కారు దిగాడు. మైదానంలో రెండు వేల మంది లేచి నిలబడి కేకలు వేశారు. మేనేజరు మొహం తెల్లబడింది. "వీళ్ళకి నిజం చెప్తే కుర్చీలు గాల్లో ఎగురుతాయి మేడమ్. కరెంటు పోయిందని చెబుదాం."

సైరన్‌కి అప్పటికి జరిగిందంతా అర్థమైంది. ఐదొందలు ఎప్పుడో దాటాయి. కానీ అవి ఏ ఆశతో వచ్చాయో కూడా తెలిసిపోయింది. తెలిసీ ఊరుకుంటే అవి తన పేరు మీద నిలబడ్డ అబద్ధాలవుతాయి. ఆమె వేదిక ఎక్కింది.

"అందరూ వినండి. ఆయనకి గొంతు బాగాలేదు. ఇవాళ పాడలేరు. ఇంకోటి కూడా చెప్పాలి. మీ పేర్లు పిలిచింది ఆయన్ని కలిపించడానికి కాదు. మా నాన్న మైకు టెస్ట్ చేస్తున్నాడు, అంతే. దాని కోసమే ఎవరైనా రాసి ఉంటే, కాగితం వెనక్కి తీసుకోవచ్చు. తప్పు నాది."

వేదిక వెనక నాయనమ్మ క్యారియరును గట్టిగా పట్టుకుంది.

"అయితే అదంతా ఉత్త టెస్టింగా?" గళ్ళ చొక్కా కుర్రాడు అరిచాడు.

"అవును."

"మరి వెనకాల పెద్దావిడ ఎవరు?"

"మా నాయనమ్మ."

"నా పుట్టిన తేదీ కూడా మార్పించిందే!"

"ఆవిడ ఎవరివైనా దిద్దుతుంది. మొన్న పెళ్ళి కార్డు దిద్ది పెళ్ళివాళ్ళకే పంపింది."

ఎక్కడో ఒక నవ్వు మొదలై మైదానమంతా పాకింది. ఆ నవ్వులోంచి ఇంకో గొంతు లేచింది. "అదంతా సరే, నా పేరు ఇంకా చదవలేదు. అదెవరు చదువుతారు?"

"నాదీ చదవలేదు!"

"మా వరసలో ఎవరివీ చదవలేదు!"

ఒక్కరు కూడా కాగితం వెనక్కి అడగలేదు. గాయకుడు ఇదంతా చూసి మేనేజరు భుజం మీద తట్టి, గిటారు తెమ్మని సైగ చేశాడు. వేదిక మీద స్టూలు వేసుకుని కూర్చుని మెల్లగా మీటడం మొదలుపెట్టాడు. కళ్ళతో మైకాయనకి సంజ్ఞ చేశాడు. మైకాయన అధికారి దగ్గర నుంచి కట్టలు తెప్పించుకుని, ఆ వాయిద్యం పక్కన ఒక్కొక్క పేరూ చదివాడు. పేరు వినబడ్డ చోటల్లా ఒక చెయ్యి లేచింది. చుట్టుపక్కల వాళ్ళు చప్పట్లు కొట్టారు. పాతికేళ్ళ నుంచి ఇతరుల గొంతులు మోసిన ఆ స్పీకర్లు, ఆ సాయంత్రం ఆయన గొంతు మోశాయి.

నాయనమ్మ పెట్టె మీద నుంచి లేచి వేదిక పక్కకి వచ్చి నిలబడింది. వరసగా అన్నేసి పేర్లు ఆవిడ ఇప్పటిదాకా పేపరు ఆఖరి పేజీలోనే చూసింది. ఇవి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కావు. పిలిస్తే పలుకుతున్నాయి. పేరు చదవగానే ఒక చెయ్యి లేవడం ఆవిడకి ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

ఐదుకి పది నిమిషాలుందనగా అధికారి నవ్వు మొహంతో వచ్చాడు. "వెయ్యిన్నూట నలభై! ఖాళీ దరఖాస్తు ఇక ఒక్కటి కూడా లేదమ్మా, బీరువా ఊడ్చేశాం. ఇంతకీ నీ కాగితం ఏ కట్టలో ఉంది? బాధ్యురాలి పేరు పక్కన నంబరు వేసుకుందామని చూస్తే కనబడలేదు."

సైరన్ నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు చదవడం ఆపి, చాలా నెమ్మదిగా, ఎడమ స్పీకరు వైపు చూశాడు.

"ఒరేయ్, పనయింది అన్నావు కదరా!"

"స్పీకరు పని అనుకున్నానమ్మా."

"తియ్యి దాన్ని!"

"తీస్తే ఎడమ పక్క పోతుందమ్మా. అటు వెయ్యి మంది ఉన్నారు."

కొడుకు వృత్తికీ పెంపకానికీ మధ్య ఊగిసలాడుతుండగా, డెబ్భై రెండేళ్ళ నాయనమ్మ మెట్లెక్కి, స్పీకరు వెనక చెయ్యి పెట్టి కాగితం లాగేసింది. మైదానంలో ఎడమ సగం ఒక్కసారిగా మూగబోయి, మరుక్షణమే గోల పెట్టింది. కుడి సగం హాయిగా గిటారు వింటూనే ఉంది. గాయకుడు మీటడం ఆపకుండానే స్టూలు ఎడమ పక్కకి జరుపుకున్నాడు.

ఐదుకి నాలుగు నిమిషాలు. సైరన్ దరఖాస్తును స్పీకరు మీద పరిచి, మడతలు చేత్తో సాపు చేసి సంతకం పెట్టింది. అధికారి కళ్ళజోడు సర్దుకుని పై నుంచి కింద దాకా చదువుతూ వచ్చి, ఒక గడి దగ్గర ఆగిపోయాడు. ఈ చిరునామాలో ఎన్నేళ్ళుగా ఉంటున్నారు అన్న గడి అది. అందులో గుండ్రని అక్షరాలతో ఇలా ఉంది: పద్దెనిమిదేళ్ళ మూడు నెలలు, ఇక ముందు కూడా.

పొద్దుటి నుంచీ వందల మంది తప్పులు దిద్దిన మనిషి తల దించుకుంది.

"ఇక ముందు సంగతి ఈ గడిలో అడగలేదు పెద్దమ్మగారూ. కొట్టెయ్యాలి" అన్నాడు అధికారి.

సైరన్ ఆ మాటని రెండోసారి చదివింది. తర్వాత నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "కొట్టేస్తే ఏం చెయ్యాలి సార్?"

"కొట్టేసిన చోట నీ సంతకం, పక్కన నా సంతకం, కారణం రాస్తూ ఒక నోటు, నోటుకి నంబరు..." అంటూ ఆయన గడియారం చూసుకున్నాడు. ఐదుకి రెండు నిమిషాలుంది. ఆయన నిట్టూర్చి, ముద్ర తీసి, ఇక ముందు కూడా అన్న మాటతో సహా ఆ కాగితాన్ని ప్రభుత్వ దస్త్రాల్లోకి ఎక్కించాడు.

శనివారం పొద్దున్నే పక్క ఊరి నమోదు అధికారి నుంచి ఫోను వచ్చింది. వచ్చే ఏడాది నమోదుకి గాయకుడి సంగతి తర్వాత చూసుకుంటారట. ముందు ఆ మైకు టెస్ట్ చేసే ఆయనా, తప్పులు దిద్దే పెద్దావిడా ఎప్పుడు ఖాళీగా ఉంటారో కనుక్కోమన్నారట. నాయనమ్మ ఆ ఫోను గురించి వీధిలో తొమ్మిదిళ్ళలో చెప్పింది. పదో ఇంటికి తాళం వేసి ఉంది కనుక సాయంత్రం మళ్ళీ వెళ్ళి చెప్పింది.

సోమవారం బస్సు కిటికీ దగ్గర నాయనమ్మ ఏడవకుండా నిలబడింది. "మళ్ళీ ఎప్పుడొస్తావే?"

"ఓటు వెయ్యడానికి రానా మరి! నువ్వే రాశావు, వాళ్ళు ముద్ర కూడా వేశారు."

"ఓట్లు ఎప్పుడు?"

"ఇంకా రెండేళ్ళుంది నాయనమ్మా. ప్రభుత్వం మధ్యలో పడిపోతే తప్ప."

మంగళవారం ఉదయం నుంచి నాయనమ్మ పేపరు మొదటి పేజీతో మొదలుపెడుతోంది. ప్రభుత్వం ఇంకా నిలబడే ఉందని తెలిసిన రోజున కాఫీ చేదుగా ఉందంటుంది.